పాస్‌పోర్టు వద్దంటే పత్రమే వద్దని కాదు

హోసూరు, బళ్లారి, బరంపురం, యానాం... ఏ ఊరి నుంచి కదిలినా కాశీయాత్ర బస్సుల్లో చాలావాటికి ఇప్పుడు కాశీ ఆఖరి మజిలీ కాదు. ప్రయాగ, గయ, అయోధ్య చూసుకుని గోరఖ్‌పూర్ మీదుగా సునౌలీ చేరతాయి. అక్కడొక గేటు. గేటు దాటితే నేపాల్. లుంబిని, పోఖరా, ముక్తినాథ్, చివరకు ఖాట్మండులో పశుపతినాథుడి దర్శనం. 'విదేశమే గానీ పాస్‌పోర్టు అక్కర్లేదండీ, ఆధార్ ఉంటే చాలు' అన్నది యాత్రలు నడిపేవారి నోట తరచూ వినిపించే మాట. ఇందులో మొదటి సగం అక్షరాలా నిజం. రెండో సగం కొందరి విషయంలోనే నిజం. ఆ తేడా తెలియకుండా బస్సెక్కేవారే ఎక్కువ.

కేంద్ర హోంశాఖ 2019 జనవరిలో ఇచ్చిన స్పష్టత ప్రకారం నేపాల్, భూటాన్ వెళ్లే భారతీయుల్లో 15 ఏళ్లలోపు పిల్లలకు, 65 ఏళ్లు దాటిన వృద్ధులకు ఆధార్ చెల్లుతుంది. అంతకుముందు ఆ వయసులవారు పాన్ కార్డో, డ్రైవింగ్ లైసెన్సో, రేషన్ కార్డో చూపినా ఒప్పుకొనేవారు గానీ ఆధార్‌ను మాత్రం ఒప్పుకొనేవారు కాదు. నడివయసు వారికి ఆ సడలింపు దక్కలేదు. వారికి కావలసింది ప్రధానంగా రెండింటిలో ఒకటి... పాస్‌పోర్టు, లేదా ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు గుర్తింపు కార్డు. ఓటు ఇంకా రాని 15 నుంచి 18 ఏళ్ల పిల్లలకు బడి హెడ్మాస్టరు నిర్ణీత నమూనాలో రాసిచ్చే ధ్రువపత్రం. కుటుంబమంతా కలిసి వెళ్తుంటే ఒక పెద్దకు సరైన పత్రం ఉన్నప్పుడు, మిగిలినవారిని ఫొటో ఉన్న కార్డుతో, బంధుత్వం రుజువు చేసే కాగితంతో అనుమతించే వెసులుబాటూ ఉంది. ఇన్ని మెలికలున్న నిబంధనను 'ఆధార్ చాలు' అన్న రెండు ముక్కల్లోకి కుదించడంతోనే చిక్కంతా మొదలవుతోంది.

ఈ పత్రాల పట్టింపు అసలు పుట్టింది విమానాశ్రయంలో. ఖాట్మండు నుంచి ఢిల్లీ రావలసిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని 1999 డిసెంబరు 24న హైజాక్ చేసి కాందహార్ తీసుకెళ్లిన ఉదంతం తర్వాత రెండు దేశాల మధ్య విమాన ప్రయాణికులకు గుర్తింపు పత్రం తప్పనిసరైంది. రోడ్డు మార్గంలో ఇంత పట్టుదల లేదు. సునౌలీలోనైనా, రక్సౌల్‌లోనైనా పొద్దున సంచి పట్టుకుని అటు వెళ్లి, మధ్యాహ్నానికి ఇటు వచ్చేవారికి లెక్కలేదు. సశస్త్ర సీమాబల్ జవాను అడిగితే కార్డు చూపుతారు, అడగకపోతే నడిచిపోతారు. బస్సులో వెళ్లే యాత్రికుల అనుభవమూ దాదాపు ఇదే. డ్రైవరు నేపాల్ కస్టమ్స్‌లో, అక్కడివారి మాటలో భన్సార్‌లో, రోజుల లెక్కన బండికి రుసుము కట్టి వచ్చేలోపు యాత్రికులు టీ తాగి సిద్ధమవుతారు. అందుకే తిరిగొచ్చినవారు 'ఎవరూ ఏమీ అడగలేదు' అని చెబుతారు. వారు అబద్ధమాడటం లేదు.

తంటా వచ్చేది తిరుగు ప్రయాణంలో. ముక్తినాథ్ 3,700 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉంది. మన మైదానాల నుంచి వెళ్లిన అరవై ఏళ్ల మనిషికి అక్కడ ఊపిరి అందకపోవడం వింతేమీ కాదు. వానాకాలంలో కొండచరియలు విరిగిపడితే రోడ్డు రోజుల తరబడి మూసుకుపోతుంది. అలాంటప్పుడు 'బస్సు వద్దు, విమానంలో తీసుకుపోదాం' అని ఇంట్లోవాళ్లు అనుకోవడం సహజం. వెళ్లేటప్పుడు ఎవరూ అడగని కార్డు అప్పుడు అక్కరకొస్తుంది. 62 ఏళ్ల రోగి చేతిలో ఆధార్ మాత్రమే ఉంటే విమానం కౌంటరు దగ్గర అది చాలదు. పక్కనే ఉన్న 66 ఏళ్ల భర్తకు చాలుతుంది! ఖాట్మండులోని భారత రాయబార కార్యాలయం నుంచి తిరుగు ప్రయాణానికి అత్యవసర పత్రం తెచ్చుకునే దారి లేకపోలేదు. కానీ అది ఆస్పత్రికీ ఆఫీసుకూ మధ్య భాష రాని ఊళ్లో తిరగాల్సిన పని. బయల్దేరే ముందు బీరువాలోంచి ఓటరు కార్డు తీసి జేబులో వేసుకుంటే తప్పే పని.

ఆధార్‌ను అందరికీ ఎందుకు ఒప్పుకోరు అన్న ప్రశ్నకు కేంద్రం దగ్గర జవాబుంది. ఆధార్ నివాసానికి గుర్తింపే గానీ పౌరసత్వానికి రుజువు కాదు. ఏడాదిలో 182 రోజులు ఇక్కడ నివసించిన విదేశీయుడికీ అది ఇవ్వవచ్చని చట్టమే చెబుతోంది. బెంగళూరు హోటల్లో పనిచేసే నేపాలీ యువకుడికీ ఆధార్ ఉండవచ్చు. కాబట్టి అది చూసి 'ఇతడు భారతీయుడే' అని తేల్చలేరు. ఈ తర్కం సబబే. మరి 64వ ఏట పనికిరాని కార్డు 66వ ఏట ఎలా పనికొస్తుంది? పౌరసత్వానికి రుజువు కానిది ఏ వయసులోనూ కాదు కదా! వృద్ధుల సౌకర్యం కోసం ఇచ్చిన సడలింపని అర్థమవుతూనే ఉంది. సౌకర్యం ఇవ్వదలచుకున్నప్పుడు కుటుంబంతో కలిసి భూమార్గంలో వెళ్లే యాత్రికులందరికీ ఇస్తే పోయేదేముంది? ఇవ్వదలచుకోకపోతే ఆ సంగతి టికెట్ కొనేచోట, బస్సు మాట్లాడేచోట జనానికి తెలిసే భాషలో రాసిపెట్టాలి. రెండూ చేయకపోవడమే విచారకరం.

సరిహద్దుకు ఇవతలున్న తెలుగువారికి ఇందులో ఇంకో పేచీ ఉంది. అది పేరు. ఆంధ్రలో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. తమిళనాడు రికార్డుల్లో ఇంటిపేరుకు చోటులేదు, తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనీషియల్. తిరుత్తణిలో పుట్టిన అన్నకు ఒక ఇనీషియల్, చిత్తూరులో చదివి అక్కడే స్థిరపడ్డ తమ్ముడికి మరో ఇనీషియల్. ఒకే తల్లి బిడ్డలని కాగితం మీద రుజువు చేయాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. హోసూరులోనూ, కృష్ణగిరిలోనూ ఈ సంగతి తెలియని ఇల్లుండదు. కర్ణాటకలో ఊరి పేరో, తాత పేరో ఇనీషియల్లో దూరుతుంది. తెలుగు పేరును కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో రాసుకుని దాన్ని మళ్లీ ఇంగ్లిషులోకి దించే గుమాస్తా చేతిలో 'ధ' 'ద' అవుతుంది, 'గ' 'క' అవుతుంది. రేషన్ కార్డులో ఒకలా, ఓటరు కార్డులో ఒకలా, ఆధార్‌లో మరోలా ఉండే పేరు స్వరాష్ట్రంలో ఏదోలా నెట్టుకొస్తుంది. 'బంధుత్వం రుజువు చేయండి' అని సరిహద్దు గేటు దగ్గర అడిగినప్పుడు మాత్రం నెట్టుకురాదు.

ఆడవారి విషయం మరీ కష్టం. కుప్పం పిల్లను హోసూరుకు, పలమనేరు పిల్లను ముళబాగిలుకు, ఇచ్ఛాపురం పిల్లను బరంపురానికి ఇవ్వడం తరతరాలుగా ఉన్నదే. పెళ్లయి రాష్ట్రం మారిన మహిళ ఓటు పుట్టింటి జాబితాలోంచి పోయి, మెట్టినింటి జాబితాలో చేరకుండా ఏళ్లు గడిచిపోవడం కద్దు. ఎన్నికలప్పుడు 'ఓటు లేకపోతే పోనీలే' అని సరిపెట్టుకుంటారు. నలభై ఐదేళ్ల ఆ తల్లికి పాస్‌పోర్టు లేకపోతే నేపాల్ విమానానికి ఆ ఓటరు కార్డే దిక్కని ఎవరు చెప్పారు గనుక?

భూటాన్ సంగతి వేరు. అక్కడా భారతీయులకు వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టో, ఓటరు కార్డో ఉంటే సరి. కానీ నేపాల్‌లా గేటు దాటి నడిచిపోతే కుదరదు. ఫుంట్‌షోలింగ్ దగ్గరో, పారో విమానాశ్రయంలోనో ప్రవేశ అనుమతి తీసుకోవాలి. దాంతోపాటు రోజుకింత రుసుము. ఒకప్పుడు భారతీయులకు ఈ రుసుము ఉండేది కాదు. 2020లో భూటాన్ పార్లమెంటు చట్టం చేసింది. కొవిడ్ తర్వాత 2022 సెప్టెంబరు 23న దేశం తలుపులు తెరిచినప్పటి నుంచి మనవారికి రాత్రికి 1,200 రూపాయల చొప్పున వసూలు చేయడం మొదలైంది. ఆరేళ్ల నుంచి పన్నెండేళ్లలోపు పిల్లలకు అందులో సగం. ఇతర దేశాల పర్యాటకులు కట్టే డాలర్లతో పోలిస్తే ఇది తక్కువే. అయినా నలుగురు పెద్దవాళ్లు ఐదు రాత్రులుంటే 24 వేలు. బస, భోజనం ఖర్చులు దీనికి అదనం. 'వీసా ఫ్రీ' అన్న ప్రకటన చూసి బయల్దేరే మధ్యతరగతి కుటుంబం ముందే లెక్క వేసుకోవలసిన మొత్తమిది. కొద్దిపాటి జనాభా, పల్చటి అడవులు కాదు, నిండైన అడవులున్న దేశం. వచ్చేవారి సంఖ్యను అదుపులో ఉంచుకోవాలనుకుంటే తప్పుపట్టలేం. మన తిరుమల కొండకు వెళ్లే వాహనాల దగ్గర టోల్ వసూలు చేసినప్పుడు ఎవరం కాదన్నాం?

వీసా ఫ్రీ అన్న మాట ఇంకో పొరపాటుకూ దారితీస్తోంది. 2023 చివర్లో శ్రీలంక, థాయిలాండ్, మలేసియా ఒకదాని వెంట ఒకటి భారతీయులకు వీసా మినహాయింపులు ప్రకటించాయి. గడువులూ షరతులూ ఆ తర్వాత పలుమార్లు మారాయి. అవి వీసా మినహాయింపులే గానీ పాస్‌పోర్టు మినహాయింపులు కావు. పాస్‌పోర్టు లేకుండా ఓటరు కార్డుతో భారతీయుడు అడుగుపెట్టగల దేశాలు నేపాల్, భూటాన్... ఈ రెండే. కైలాస మానస సరోవరానికి ఖాట్మండు మీదుగా వెళ్లేవారు కూడా ఈ తేడా మరచిపోతుంటారు. ఖాట్మండు వరకు పాస్‌పోర్టు వద్దు. అక్కడి నుంచి టిబెట్‌లో అడుగుపెట్టాలంటే పాస్‌పోర్టూ కావాలి, చైనా వీసా కూడా కావాలి.

అమెరికా నుంచి సెలవులకొచ్చిన మనవరాలిని తాతయ్య తనతోపాటు పశుపతినాథ్ తీసుకెళ్లాలనుకున్నారనుకుందాం. ఆ పిల్లకు ఓసీఐ కార్డుంది. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. కానీ పాస్‌పోర్టు అమెరికాది. నేపాల్ దృష్టిలో ఆమె అమెరికన్. ఓసీఐ కార్డు భారత్‌లోకి రావడానికే గానీ నేపాల్‌లోకి వెళ్లడానికి కాదు. సరిహద్దులోనే వీసా ఇస్తారు, 15 రోజులకు 30 డాలర్లు. అంతకన్నా ముఖ్యమైనది, ఇటువైపు భారత ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో బయటికి వెళ్తున్నట్లు పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకోవాలి. సునౌలీ వంటి చోట అందరూ ఆగకుండా నడిచిపోతుంటే ఆ ఆఫీసు కనబడకుండానే దాటిపోవడం చాలా తేలిక. బస్సులో 40 మంది ఓటరు కార్డుల వాళ్లు, ఒక్కరే విదేశీ పాస్‌పోర్టు మనిషి. బస్సు ఆగదు, ముద్ర పడదు. తర్వాత విమానాశ్రయంలో 'మీరు దేశం దాటినట్టు ఎక్కడా లేదే' అని అధికారి అడిగితే జవాబు చెప్పుకోవలసింది ఆ పిల్లే.

ఇంత తంతు చదివాక 'ఇదేం స్వేచ్ఛ, ఇన్ని కాగితాలా?' అనిపించవచ్చు. కానీ ఈ ఏర్పాటు విలువ చిన్నది కాదు. 1950 జూలై 31న భారత్, నేపాల్ కుదుర్చుకున్న శాంతి, మైత్రీ ఒప్పందంలోని ఏడో అధికరణ రెండు దేశాల పౌరులకు రెండోవైపున నివసించే, ఆస్తి కొనే, వ్యాపారం చేసే, తిరిగే హక్కులను పరస్పరం ఇచ్చిపుచ్చుకుంది. యూరప్‌లో ఐదు దేశాలు షెంజెన్ ఒప్పందం మీద సంతకం చేసింది 1985లో. మన పొరుగున అంతకు ముప్పై ఐదేళ్ల ముందు నుంచే 1,751 కిలోమీటర్ల పొడవునా తెరిచి ఉన్న సరిహద్దుంది. ఈ ఒప్పందం రెండో కొస మన వీధిలోనే కనబడుతుంది. రాత్రి లాఠీ తట్టుతూ తిరిగి, నెల మొదట్లో గుమ్మంలో నవ్వుతూ నిలబడే గూర్ఖా ఏ పాస్‌పోర్టూ లేకుండానే ఇక్కడికి వచ్చాడు. ఆలోచిస్తే పశుపతినాథ్ ఆలయంలో పూజలు చేసే భట్టులు కర్ణాటక నుంచి వెళ్లినవారు కావడం కూడా ఈ రాకపోకల చరిత్రలో భాగమే. 2025 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన కొత్త ఇమ్మిగ్రేషన్ చట్టం 1920 నాటి పాస్‌పోర్టు చట్టాన్నీ, 1946 నాటి విదేశీయుల చట్టాన్నీ రద్దు చేసింది. అయినా నేపాల్, భూటాన్ పౌరులకు ఉన్న మినహాయింపును అలాగే ఉంచింది. చైనా, హాంకాంగ్, మకావ్, పాకిస్థాన్‌ల మీదుగా వచ్చే నేపాలీలకు మాత్రం పాస్‌పోర్టు తప్పదు.

కాబట్టి ఈ గేటు ఎప్పటికీ తెరిచే ఉంటుందిలే అనుకుంటే పొరపాటు. 1989 మార్చిలో వాణిజ్య, రవాణా ఒప్పందాల గడువు తీరినప్పుడు సరుకులు వెళ్లే మార్గాల్లో రెండు తప్ప మిగిలినవి మూతపడ్డాయి. 2015లో నేపాల్ కొత్త రాజ్యాంగం తెచ్చినప్పుడు సరిహద్దు దిగ్బంధంతో అక్కడ గ్యాస్ సిలిండర్‌కు, మందులకు కటకట వచ్చింది. 2020 మార్చిలో కొవిడ్ వచ్చింది, గేటు నిజంగానే మూతపడింది. ఇళ్లకు వెళ్తున్న నేపాలీ కూలీలు నదికి ఇవతలే ఆగిపోయి రోజుల తరబడి ఎదురుచూశారు. 1950 ఒప్పందాన్ని కాలానికి తగినట్లు ఎలా మార్చాలో చెప్పమని రెండు ప్రభుత్వాలూ 2016లో ప్రముఖుల బృందాన్ని నియమించాయి. 2018లో వారు నివేదిక సిద్ధం చేశారు. అది ఏళ్ల తరబడి స్వీకారానికే నోచుకోలేదు. దొంగనోట్లు, ఉగ్రవాదుల చొరబాటు అంటూ ఇటువైపు అనుమానాలు, పెద్దదేశం పెత్తనమంటూ అటువైపు అభిమానాలు. మధ్యలో నలిగేది పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేవాడు.

గేటు మూయడమంటే ఏమిటో చూడాలంటే తూర్పు సరిహద్దుకు వెళ్లాలి. మయన్మార్‌తో మనకు 1,643 కిలోమీటర్ల హద్దుంది. అక్కడి కొండజాతుల వారికి అటూ ఇటూ పొలాలు, చుట్టాలు. నాగాలాండ్‌లోని లోంగ్వా గ్రామంలో పెద్ద ఇంటి మధ్యలోంచే సరిహద్దు గీత పోతుంది. 1968లో 40 కిలోమీటర్ల వరకు ఉన్న స్వేచ్ఛా సంచారం 2004లో 16 కిలోమీటర్లకు కుదించుకుపోయింది. మణిపూర్‌లో 2023 మే నుంచి చెలరేగిన హింస తర్వాత, 2024 ఫిబ్రవరిలో ఈ ఏర్పాటునే రద్దు చేస్తున్నట్లు కేంద్ర హోంమంత్రి ప్రకటించారు. మణిపూర్ ప్రభుత్వం అందుకు సంతోషించింది. మిజోరం, నాగాలాండ్ శాసనసభలు కొద్దిరోజుల్లోనే దాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానాలు చేశాయి. చివరకు 2024 డిసెంబరులో 10 కిలోమీటర్ల పరిధికి, సరిహద్దు పాసుకు, ఏడు రోజుల గడువుకు పరిమితం చేస్తూ కొత్త నిబంధనలొచ్చాయి. భద్రత అవసరం లేదని ఎవరూ అనరు. ఆయుధం మోసేవాడు పాసు కోసం వరుసలో నిలబడడు, మేనమామ ఇంటికి చావుకబురు విని పోయేవాడే నిలబడతాడు.

బర్మా సరిహద్దు గురించి తెలుగువారికి ఎందుకంటారా? యానాంకు కొద్ది మైళ్ల దూరంలోని కోరంగి రేవు పేరు మీదే బర్మాలో తెలుగు కూలీలకు 'కోరంగీలు' అన్న పేరు వచ్చింది. 1839 నాటి ఉప్పెన ఆ రేవును ముంచేశాక కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం, బారువ, గోపాల్‌పూర్ రేవుల నుంచి ఓడలు నడిచాయి. వరి కోతలకు, రంగూన్ రేవులో మూటలు మోయడానికి గంజాం, శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల జనం డెక్ టికెట్ కొనుక్కుని వెళ్లేవారు. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. అప్పుడు బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. బరంపురంలో, ఇచ్ఛాపురంలో పాత ఇళ్లలో ఆ రోజుల బర్మా టేకు కనబడితే అదేమీ వింత కాదు.

1937 ఏప్రిల్ 1న బర్మా విడిపోయింది. ఇంటిలో గది వేరుపడ్డట్టే అనుకున్నారు మనవాళ్లు. 1941లో వలసలను కట్టడి చేసే ఒప్పందం మీద సంతకాలయ్యాయి, యుద్ధం వచ్చిపడటంతో అది అమలుకు రాకముందే జపాన్ బాంబులు పడ్డాయి. 1942లో లక్షలమంది అడవులు, కొండలు దాటి నడిచి వచ్చారు. దారిలో రాలిపోయినవారెందరో! యుద్ధం ముగిశాక తిరిగి వెళ్దామంటే 1947లో బర్మా అత్యవసర వలస చట్టం తెచ్చి పర్మిట్ లేనిదే రానివ్వనంది. ఉండిపోయినవారు విదేశీయులుగా రిజిస్టర్ చేయించుకుని కార్డు పట్టుకు తిరగాల్సి వచ్చింది. 1962లో సైన్యం అధికారానికి వచ్చాక, 1964లో దుకాణాల జాతీయీకరణతో మిగిలినవారిలోనూ చాలామంది కట్టుబట్టలతో ఓడలెక్కారు. విశాఖలో బర్మా క్యాంపు, చెన్నైలో బర్మా బజారు అలా వెలసినవే. ఓడ దిగినప్పుడు వారి వద్ద లేనిది కష్టపడే గుణం కాదు, కాగితం. తాత ఏ ఊరి నుంచి వెళ్లాడో చెప్పగలరు, రుజువు చేయలేరు. పత్రం అడగని రోజుల్లో వెళ్లినవారికి, పత్రం అడిగే రోజులు వస్తాయని ఎవరూ ముందు చెప్పలేదు.

పరాయి గడ్డ మీద చిక్కుకున్నప్పుడు ఎవరి జాబితాలో పేరుంటుందన్నది ఇప్పటి ప్రశ్న కూడా. 2025 సెప్టెంబరు 8, 9 తేదీల్లో నేపాల్‌లో యువత ఆందోళన హింసాత్మకమై ప్రభుత్వం పడిపోయింది. ఖాట్మండు విమానాశ్రయం మూతపడింది. రెండువందలకు పైగా తెలుగు యాత్రికులు అక్కడ చిక్కుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హెల్ప్‌లైన్ పెట్టి, ప్రత్యేక విమానంలో విశాఖపట్నానికి, తిరుపతికి తెచ్చింది. తెలంగాణ, కర్ణాటక కూడా తమవారి కోసం ఏర్పాట్లు చేశాయి. మెచ్చుకోవలసిన పనే. అయితే ఇలాంటి వేళ బళ్లారి తెలుగు కుటుంబం ఎవరికి ఫోన్ చేయాలి? ఆధార్ చిరునామా కర్ణాటకది, ఎక్కిన యాత్రా బస్సు అనంతపురానిది అయితే ఆ కుటుంబం ఏ రాష్ట్రం లెక్కలోకి వస్తుంది? హోసూరు, గజపతి, గడ్చిరోలి వాసులదీ ఇదే పరిస్థితి. యానాం వారిది పుదుచ్చేరి ప్రభుత్వం. ఆ ప్రభుత్వ కార్యాలయం ఉన్నది 800 కిలోమీటర్లకు పైబడిన దూరంలో! అటువారు 'మీరు ఇటు కాదు' అని, ఇటువారు 'మీరు అటు కదా' అని అనకముందే ఈ మాట తేల్చుకోవాలి.

ఇందుకు కొత్త చట్టాలేమీ అక్కర్లేదు. యాత్ర నడిపే నిర్వాహకుడు బయల్దేరే ముందు ప్రయాణికుల పేర్లు, వయసు, వెంట తెచ్చుకున్న పత్రం, చిరునామా రాష్ట్రం, ఇంటి ఫోను నంబరు రాసిన జాబితాను బస్సు ఏ జిల్లాలో కదిలితే ఆ కలెక్టరేట్‌లో ఇచ్చి వెళ్లాలన్న షరతు పెడితే సరిపోతుంది. కుంభమేళాలకు ప్రత్యేక బస్సులు వేసే రవాణా సంస్థలకు ఇది చేతకాని పని కాదు. నేపాల్, భూటాన్ నిబంధనలను తెలుగు, కన్నడ, తమిళ, ఒడియా భాషల్లో ఒకే పేజీలో అచ్చువేసి రైల్వే బుకింగ్ కౌంటర్ల దగ్గర, బస్టాండ్లలో, తిరుపతి, శ్రీశైలం వంటి క్షేత్రాల్లో అంటించవచ్చు. అందులో డబ్బు సంగతీ ఉండాలి. వంద రూపాయలకు మించిన భారత నోట్లు చెల్లవని 2018 డిసెంబరులో నేపాల్ ప్రకటించినప్పుడు జేబునిండా ఐదువందల నోట్లున్న యాత్రికులు ఇబ్బంది పాలయ్యారు. ఆ తర్వాత కూడా ఈ నిబంధనల్లో మార్పులపై నిర్ణయాలు జరుగుతూ వచ్చాయి కాబట్టి ఏ ఏటి యాత్రకు ఆ ఏటి కాగితమే ఉండాలి. పేర్ల తేడాల విషయంలో సరిహద్దు తాలూకాల్లో ఏడాదికి ఒకటి రెండుసార్లయినా ఓటరు, ఆధార్, రేషన్ సిబ్బందిని ఒకేచోట కూర్చోబెట్టి దిద్దుబాటు శిబిరాలు పెట్టాలని కోరే హక్కు భాషా అల్పసంఖ్యాకులుగా ఇక్కడి తెలుగువారికి ఉంది. తెలుగు చదవడం వచ్చిన గుమాస్తా ఒకరు ఆ బల్ల దగ్గరుంటే సగం పని అక్కడే పూర్తవుతుంది.

ఇక కార్తీకం, మాఘం వచ్చేలోగా ఇంట్లో చూసుకోవలసింది ఒకటుంది. పదిహేను దాటి అరవై ఐదు నిండనివారెవరు, వారిలో ఓటరు కార్డు లేనివారెవరు, ఉన్నా పేరు తప్పుగా పడినవారెవరు? కొత్త ఓటరు నమోదుకు ఫారం 6, తప్పుల దిద్దుబాటుకు, చిరునామా మార్పుకు ఫారం 8. బూత్ స్థాయి అధికారి దగ్గరా, తాలూకా కచేరీలోనూ దొరుకుతాయి. రుసుమేమీ లేదు.